మిరపకాయల ఫొటో, మేధో హక్కులు

ఆ రోజుల్లో లాప్‌టాప్ ఉన్న ప్రతివాడినీ మేధావి కింద లెక్కగట్టేవారు. (నా దాంట్లో సినిమాలు తప్ప ఏమీ లేవని ఎవరికీ తెలియదు.) అందుకే మాచర్లలో మా ప్రైవేటు డిగ్రీ కాలేజీకి తనిఖీ బృందం వస్తోందనగానే, లెక్చరర్లకు మేధో సంపత్తి హక్కుల మీద శిక్షణ ఇచ్చే భారం, చేరి ఏడాది కూడా నిండని నా నెత్తిన పడింది. "చానా ముఖ్యం అబ్బాయ్. బ్యానర్ కనపడేట్టు ఫొటోలు రావాల. నీ రెన్యువల్ సంగతి అది చూసి చెప్తా" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఎవరి హక్కులు ఏమైనా, నా ఉద్యోగం మాత్రం ఆ బ్యానర్‌కు వేలాడుతోందని అర్థమైంది.

నాకా సబ్జెక్టులో ఓనమాలు రావు. లైబ్రరీలో దొరికిన ఒకే ఒక్క పుస్తకాన్ని మొత్తం జిరాక్స్ తీయించి తలా ఒక కాపీ పంచాను. మొదటి పేజీలో 'అనుమతి లేకుండా నకలు తీయడం నేరం' అని ఉంది. దాన్ని కూడా శ్రద్ధగా జిరాక్స్ తీయించాను. స్లైడ్లన్నీ ఇంటర్నెట్‌లోంచి దించినవే. వాటిలో నా సొంతమంటూ ఉన్నది, మన మిర్చికి వచ్చిన భౌగోళిక గుర్తింపు గురించి చెప్పే స్లైడు కోసం రెంటచింతల కల్లంలో నేను తీసిన ఎండుమిరపకాయల ఫొటో ఒక్కటే. దాని మూలన నా స్కూటర్ హ్యాండిల్ కూడా పడింది.

నేను కాపీరైట్ గురించి గొంతు చించుకుంటుంటే, ముందు వరసలో ప్రిన్సిపాల్ గారు కెమెరా వైపు తిరిగి తల ఊపుతున్నారు. అప్పుడు వెనక నుంచి మా ఫిజిక్స్ లెక్చరర్ లేచారు. మెతక మనిషి. రోజూ తన క్యారియర్‌లోంచి నాకు పప్పన్నం పెట్టేవారు గనక బాబాయ్ అని పిలిచేవాణ్ణి.

"మూడేళ్లు కూచుని ల్యాబ్ మాన్యువల్ రాశానబ్బాయ్. అచ్చయ్యాక చూస్తే అట్ట మీద ప్రిన్సిపాల్ గారి పేరుంది. ఏంది మరి, అది ఏ హక్కు కిందికొస్తది?"

జవాబు నాకు తెలుసు. నేను జిరాక్స్ తీయించిన పుస్తకం మొత్తంలో నాకు అర్థమైన పేజీ అదొక్కటే. ప్రిన్సిపాల్ గారు మెల్లగా నా వంక తిరిగారు.

"మంచి ప్రశ్న బాబాయ్. టీ బ్రేక్ తర్వాత చూద్దాం" అన్నాను.

టీ తర్వాత గ్రూప్ ఫొటో, ఆ తర్వాత సర్టిఫికెట్లు. నా స్లైడ్లు మాత్రం అడిగినవాళ్లందరి పెన్‌డ్రైవుల్లోకీ వెళ్లాయి. నా రెన్యువల్ వచ్చింది. మర్నాడు కూడా బాబాయ్ ఏమీ జరగనట్టు పప్పన్నం పెట్టారు. సిగ్గుతో నాకు ముద్ద దిగలేదు. (రెండో ముద్ద దిగింది.)

ఈమధ్య నరసరావుపేటలో ఇలాంటి శిక్షణకే శ్రోతగా వెళ్లాను. పాఠం చెబుతున్న కుర్ర లెక్చరరమ్మ తెర మీద మిరపకాయల ఫొటో వేసింది. మూలన నా స్కూటర్ హ్యాండిల్! ఒళ్లు మండి లేచాను. "అమ్మాయ్, ఆ ఫొటో తీసింది నేను. నా పేరేదీ?" అన్నాను. ఆ అమ్మాయి ముందు వరసలో ఉన్న వాళ్ల ప్రిన్సిపాల్ వంక ఒకసారి చూసి, ఎంతో మర్యాదగా, "మంచి ప్రశ్న సార్. టీ బ్రేక్ తర్వాత చూద్దాం" అంది.

నవ్వొచ్చి కూర్చుండిపోయాను. ఆ మాట కూడా నాదేనని చెప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.