తెలుగు రాని స్వెటర్లామె

ప్రతి చలికాలం సూర్యాపేటలో మా ఇంటి ముందు గదిని హిమాలయాల నుంచి వచ్చే ఒకామె కిరాయికి తీసుకుని స్వెటర్లు అమ్ముతుంది. అంతకుముందు చాలా ఏళ్లు కోదాడలో అమ్మింది. అందుకే తెలుగు గడగడా మాట్లాడుతుంది, అదీ కోదాడ తెలుగు.

ఆ తెలుగే ఆమె బేరాలు చెడగొట్టింది. "గీమె కోదాడామె. గీ స్వెటర్లు గూడ గక్కడియే" అంటూ జనం ఎదుటి దుకాణానికి పోయేవారు. అక్కడాయనకు తెలుగు ముక్క రాదు. కాబట్టి ఆయనే అసలైన కొండమనిషి.

ఒక సాయంత్రం నేను చివ్వెంల బడి నుంచి వచ్చేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

"మాష్టారూ, రేపట్నుంచి నాకు తెలుగు రాదండీ. ఆదివారం పక్కన కూర్చుని నా మాటలు తెలుగులో చెప్పండి."

"నాకు మీ భాష రాదు కదమ్మా!"

"దాంతో ఏం పనండీ? స్వెటర్ చూసి తోచింది చెప్పండి."

ఆదివారం కూర్చున్నాను. నిడమనూరు నుంచి ఒక పెద్దాయన భార్యతో వచ్చాడు. స్వెటర్లామె తన భాషలో కంగారుగా ఏదో అంది. "మెత్తగ ఉంటదంట" అన్నాను. మళ్లీ గట్టిగా అంది. "రంగు పోదంట" అన్నాను. లోపల పొయ్యి మీద మా పప్పు మాడుతోందని ఆమె మొత్తుకుంటోందట. అది నాకు మధ్యాహ్నం అన్నంలో తెలిసింది.

అంతలో పెద్దాయన అడిగాడు: "అమ్మా, మీ దిక్కు మంచు బాగ పడతదా?"

ఆ మాట ఆమెను ఇక్కడెవరూ అడిగినట్టు లేదు. అన్నీ మరిచిపోయింది.

"ఎక్కడి మంచండీ! మునుపు తలుపు తియ్యనిచ్చేది కాదు. ఇప్పుడు రాళ్లు తేలాయి. గడ్డి లేక గొర్రెల్నీ అమ్మేశాం. ఊరెళ్తే పప్పుచారు కాస్తానని మావాళ్లు నన్ను తెలుగామె అంటారండీ."

గుట్టు బయటపడిందని నేను స్వెటర్లు మడతపెట్టసాగాను. పెద్దాయన ఆమెను చూసి, నన్ను చూశాడు.

"జర్రసేపట్ల ఇంత తెలుగు నేర్పినవా సార్!"

ఆయన భార్య రెండు స్వెటర్లు తీసుకుంది. సంగతి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాకింది. కొండామె తెలుగు వినడానికి జనం ఎగబడ్డారు, సరుకు ఖతం. తర్వాత పిల్లల్ని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చారు.

"మా పోరనికి ఇంగ్లీష్ గూడ గట్లనే నేర్పు సార్."

నేను నేర్పలేదన్నాను. "గంత తెలివి దాసుకుంటవా?" అని నొచ్చుకున్నారు. ఆమె కలగజేసుకుంది: "నేర్పుతారండీ. నన్ను చూడట్లేదా?"

ఇప్పుడు మా వరండాలో ఇంగ్లీషు పాఠం నడుస్తోంది. నాకు తట్టని మాటలకు పిల్లలు ఆమె గదిలోకి పరుగెడతారు. వాళ్ల కొండకు టూరిస్టులు వస్తారట, ఆమెకు ఇంగ్లీషు బాగా వచ్చు.