ముక్కత్త చేపల గంప

రేవులో అందరూ ఆమెను ముక్కత్త అనేవాళ్లు. చేప ముక్కలు కోసి అమ్ముతుంది కాబట్టి ఆ పేరని కొత్తవాళ్లు అనుకునేవారు. కాదు, అది ముక్కు వల్ల వచ్చిన పేరు. బోటు నుంచి దింపిన చేపల కుప్ప దగ్గర ఒక్కసారి వంగి లేచేది, అంతే. "ఇది ఐసులో మాగింది, నాకొద్దు" అనేసేది. వేలంపాట పాడేవాడు మొహం మాడ్చుకునేవాడే గానీ, ఎదురు చెప్పేవాడు కాదు.

ఇంట్లో గొడవలన్నీ ఇంకో ముక్కు వల్ల, అంటే కోడలి ముక్కు వల్ల. బట్టలు కుట్టే వాళ్ల ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల ఆమె.

"అత్తయ్యా, గంప వాకిట్లోనే పెట్టండి, కడుపులో తిప్పుతోంది."

"నీ మొగుణ్ణి పెంచింది ఈ గంపేనమ్మా. వాణ్ణి కూడా వాకిట్లోనే పెట్టనా?"

కొడుకు ఇద్దరి మాటకీ తల ఊపి, ఆటో తీసుకుని మెల్లగా జారుకునేవాడు.

ఒక వానాకాలం ముక్కత్తకు గట్టిగా జ్వరం తగిలింది. తగ్గాక గంప పట్టుకుని రేవుకు వెళ్లింది. బోట్లు కనిపిస్తున్నాయి, కాకులు అరుస్తున్నాయి. కానీ ఉప్పుగాలి లేదు, డీజిలు లేదు, చేప లేదు. ఒక చేపను ఎత్తి ముక్కుకు ఆనించుకుంది. చల్లగా తగిలింది, ఇంకేమీ తెలియలేదు. ఇంకో చేప ఎత్తి చూసింది, అదీ అంతే.

ఎవరికీ చెప్పలేదు. కళ్లు చూసి, మొప్పలు ఎత్తి చూసి కొనడం మొదలుపెట్టింది. వెనకటి రోజులైతే అది సరిపోయేదేమో. అప్పుడు బోట్లు పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేవి. ఇప్పుడు దగ్గరి నీళ్లలో చేప పలచబడడంతో, బోట్లు ఎక్కడెక్కడికో పోయి రోజుల తరబడి అక్కడే ఉంటున్నాయి. మొదట పట్టిందీ చివర పట్టిందీ ఒకే ఐసులో కలిసి వస్తాయి. చూపుకు రెండూ ఒకేలా మెరుస్తాయి.

ఒకరోజు ఎప్పుడూ ఆమె దగ్గరే కొనే నర్సమ్మ సంచీతో వెనక్కి వచ్చింది. చేపను ముక్కత్త కోసి అమ్మే బల్ల మీద పెట్టింది. అరవలేదు కూడా.

"నువ్విచ్చావని చూసుకోకుండా వండాను. పిల్లలు నోట్లో పెట్టుకుని ఊసేశారు. నువ్వేనా ఇలా చేసింది?"

పక్క బల్లల వాళ్లు తలలు తిప్పి చూశారు.  ఆ మర్నాడు ముక్కత్త మోకాళ్ల నొప్పులంటూ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత కూడా కదల్లేదు.

ఓ మధ్యాహ్నం కోడలు వాకిట్లో బట్టలు ఆరేస్తూ, మాడు వాసన తగిలి లోపలికి పరిగెత్తింది. పొయ్యి మీద అన్నం నల్లగా మాడిపోతోంది. దాని పక్కనే కూర్చుని అత్త తీరుబడిగా ఉల్లిపాయలు తరుగుతోంది.

కోడలు పొయ్యి ఆపింది. 

"అత్తయ్యా, మీకు వాసన తెలియట్లేదు కదూ?"

"ఉల్లిపాయల ఘాటులో..." అనబోయి ముక్కత్త ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నర్సమ్మ సంగతి, మొప్పల సంగతి, అన్నీ చెప్పుకుంది.

"రేపు నేను వస్తా" అంది కోడలు.

"నువ్వా? నీకు చేపంటేనే పడదు కదే!"

"అందుకేగా. రవ్వంత తేడా ఉన్నా నా కడుపు చెబుతుంది."

తెల్లవారగానే ఇద్దరూ రేవుకు వెళ్లారు. మొదటి కుప్ప చూసి కోడలు "కంపు" అంది. రెండోదీ కంపే. మూడోదీ అంతే. వేలంపాటవాడు నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మాయీ, నువ్వొచ్చింది చేపల రేవుకి. పూలకొట్టు అటుంది!" రేవంతా ఘొల్లున నవ్వింది. కోడలు చెవులదాకా ఎర్రబడినా వెనక్కి తగ్గలేదు.

ముక్కత్త ఆమెను పక్కకు తీసుకెళ్లి, తనకు అందని వాసనను గుర్తు తెచ్చుకుంటూ చెప్పింది. "తాజా చేప అప్పుడే కోసిన దోసకాయలా ఉంటుందే. కొంచెం సముద్రం, కొంచెం పచ్చిదనం. ముక్కు లోపల సూదిలా గుచ్చుకుందంటే వదిలెయ్."  కోడలు తిరిగి వెళ్లి ఒక్కో కుప్పా వంగి చూసింది. చివరకు ఓ మూల కుప్ప దగ్గర ఆగి, "దోసకాయ!" అని అరిచింది.

ఆ చేపల్లోంచి మంచివి ఏరుకుని ఇద్దరూ నర్సమ్మ ఇంటికి వెళ్లారు. ముక్కత్త ఉన్నదున్నట్టు చెప్పింది. "జ్వరం తగ్గినప్పుడే నాతో అనాల్సింది" అంది నర్సమ్మ, కాస్త నిష్ఠూరంగా. చేపలు మాత్రం తీసుకుంది. వేరే బల్లలకు అలవాటుపడిన కొందరు మళ్లీ రానే లేదు.

ముక్కత్తకు వాసన తిరిగి రాలేదు. కోడలికి చేప తినడం అలవాటు కాలేదు. కానీ రేవు అలవాటైపోయింది, నోరు కూడా లేచింది. కొన్నాళ్లకు, దూరం వెళ్లొచ్చే పెద్ద బోట్ల చేప వద్దనీ, సాయంత్రానికి తిరిగొచ్చే చిన్న పడవల దగ్గరే కొందామనీ పట్టుబట్టింది.

"అవన్నీ వేలెడంత చేపలే! శుభ్రం చేసేసరికి నా వేళ్లు ఊడిపోతాయి."

"నేనూ కూర్చుంటాగా, అత్తయ్యా."

నడివీధిలో గంప దింపుకుని మరీ వాదించుకున్నారు. చివరికి కోడలి మాటే నెగ్గింది. ఇప్పుడు గంప చిన్నదైంది, మర్నాడు మధ్యాహ్నంలోపే ఖాళీ అవుతోంది. సాయంత్రాలు పడవలు వచ్చే వేళకు కోడలు ముందు నడుస్తుంది. అత్త నాలుగడుగులు వెనక, మోకాళ్లను తిట్టుకుంటూ.