తూర్పుకి కాళ్ళు

మా మావయ్య సమాధుల తోటలో గుంటలు తవ్వేవాడు. నలభై ఏళ్ళు అదే పని. అందరూ ఆయన్ని తూర్పాయన అనేవాళ్ళు. గుంట ఎవరిదైనా సరే, కాళ్ళు తూర్పుకే ఉండాలని ప్రాణం తీసేవాడు మరి. ప్రభువు రెండోసారి వచ్చేది తూర్పు నుంచి. బూర మోగగానే చనిపోయినవాళ్ళంతా లేచి కూర్చుంటారు. కాళ్ళు తూర్పుకి ఉంటే, కళ్ళు తెరవగానే ఆయన ఎదురుగా కనపడతాడు. మావయ్యకి తెలిసిన వేదాంతం అంతే.

"తీర్పంటే భయం లేదా మావయ్యా?" అని కవ్వించేదాన్ని. అమ్మానాన్నా పోతే నన్ను పెంచింది ఆయనా, మా అత్తా. ఎంత పెంచినా నాకు ఈ నమ్మకాలు ఒంటబట్టలేదు.

"భయమెందుకే? ఏం చేశావని అడుగుతాడు, చేసింది చెప్తాం. అడిగినప్పుడు మొహం అటు తిప్పుకుని ఉంటేనే తప్పు."

చర్చి తూర్పు గోడని చూసి తాడు లాగేవాడు, రెండు మేకులు దిగ్గొట్టేవాడు, ఆ తాడు దాటి పార పడనిచ్చేవాడు కాదు. మా దగ్గర శవపెట్టెలు రెండు వైపులా ఒకే వెడల్పు. తల ఎటో తెలియడానికి మూత మీద ఆ వైపు చెక్క సిలువ కొడతారు. పెట్టె రాగానే మావయ్య గట్టు మీద నిలబడి సిలువ చూసేవాడు. ఒకసారి ఓ పెద్ద ఉద్యోగి పెట్టె అటుదిటు వస్తే, కొడుకులు గోలుగోలున ఏడుస్తున్నా వదల్లేదు. "ఏడుపు తర్వాత, ముందు పెట్టె తిప్పండి" అన్నాడు. చచ్చినట్టు తిప్పారు.

అలాంటి మనిషి మా అత్త విషయంలోనే పొరబడ్డాడు.

మూడు రోజుల జ్వరం, అంతే, పోయింది. గుంట ఇంకెవరినీ తవ్వనివ్వలేదు. తెల్లవారకముందే మొదలుపెట్టి ఒక్కడే తవ్వాడు. ముందు రోజు వానకి పెద్ద గేటు దారంతా మోకాలి లోతు బురదైతే, మోసేవాళ్ళు పెట్టెని వెనక గేటు నుంచి తెచ్చారు. తెచ్చింది తెచ్చినట్టే దించేశారు. అరిచి తిప్పించాల్సినవాడు ఆ పూట మట్టికుప్ప మీద తల పట్టుకుని కూలబడ్డాడు. పిలిస్తే వచ్చి, సిలువ దగ్గర నిలబడి, మొదటి పిడికెడు మట్టి వేశాడు. ఆ పక్కనే ఉన్నాను, నేనైనా చూశానా? లేదు.

నాలుగో రోజు అన్నం తింటూ చెయ్యి ఆపేశాడు.

"పిల్లా, నేను సిలువ దగ్గర నిలబడే కదా మట్టి వేసింది?"

"అవును."

"ఎండ నా వీపుకి తగిలిందే."

అయితే ఏమిటన్నాను. పొద్దుటి ఎండ వీపుకి తగిలిందంటే, ఆయన తూర్పున నిలబడ్డట్టు. అంటే తల తూర్పుకి పోయింది, కాళ్ళు పడమరకి. నేను పిచ్చిదాన్ని, నవ్వాను. ఆయన కంచంలోనే చెయ్యి పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ నవ్వుకి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

ఎవరి సంగతో అన్నట్టు పాస్టరుగారిని అడిగొచ్చాడు. "దేవుడికి దిక్కులేమిటయ్యా" అన్నారట ఆయన. "మరి ఇన్నేళ్ళూ నాచేత తూర్పు ఎందుకు పట్టించినట్టు?" అని ఇంటికొచ్చి నా మీద కేకలేశాడు.

"తవ్వి సరిగ్గా పెట్టేద్దాం మావయ్యా" అన్నాను.

"దాన్ని మళ్ళీ కదపనా? నావల్ల కాదు. పైగా సంగతి తెలిస్తే, మా అమ్మ సరిగ్గా ఉందా, మా నాన్న సరిగ్గా ఉన్నాడా అని ఊరంతా కుమిలిపోతుంది. ఎవరితోనూ అననని ఒట్టెయ్యి."

వేశాను. రాయిని అందరి రాళ్ళ వరసలోనే, పడమటి చివర పాతాడు. అంటే అత్త కాళ్ళ దగ్గర. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు, పని అయ్యాక అక్కడే చతికిలబడేవాడు. "అసలే కంగారు మనిషే మీ అత్త. బజారులో నేను నాలుగడుగులు ముందుకెళ్తేనే ఏడుపు మొహం పెట్టేది. లేచేసరికి ఎదురుగా ఎవరూ లేకపోతే బెంబేలెత్తిపోతుంది" అనేవాడు. అదే దిగులు, రోజూ అదే దిగులు.

మంచాన పడ్డాక నా చెయ్యి పట్టుకున్నాడు. "దాని పక్కన చోటు ఉంచాను. నన్నూ తిరగేసే పెట్టించు. లేవగానే పక్కన ఉంటాను, ఇద్దరం కలిసే వెనక్కి తిరుగుతాం. ఎందుకని మాత్రం ఎవరికీ చెప్పకు."

మావయ్య పోయిన రోజున ఆ మాట సంఘపెద్దతో అన్నాను. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. తిరగేసి పెట్టేది పాస్టర్లని మాత్రమేనట. లేవగానే వాళ్ళకి తమ సంఘం కనపడాలని ఆ మర్యాద. "గుంటలు తవ్వినవాడికి పాస్టరు మర్యాద కావాలా అమ్మా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గౌరవం కోసం కాదయ్యా మహానుభావా, పెళ్ళాంతోపాటు వెనకబడిపోదామని అడిగాడు, అనాలి. అంటే ఆయన దాచుకున్నదంతా నడివీధిలో పెట్టినట్టే. పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను.

దించారు. పద్ధతి ప్రకారం తల పడమరకి, కాళ్ళు తూర్పుకి. ఒట్టు నిలిచింది, కోరిక పోయింది. అందరూ వెళ్ళిపోయాక రెండు గుంటల మధ్య కూర్చుని తనివితీరా ఏడ్చాను. ఏడుస్తూనే ఆయన లేచి కూర్చుంటే ఎటు చూస్తాడో ఊహించుకున్నాను. తల ఈ చివర, చూపు తూర్పుకి. అత్త తల తూర్పు చివర, చూపు ఇటువైపు. నా ఏడుపు ఆగిపోయింది.

ఒకరికొకరు ఎదురుగా ఉన్నారు!

అత్త కళ్ళు తెరవగానే కనపడేది మావయ్యే. మావయ్యకి అత్త మొహం, ఆ వెనకాల వస్తున్న ప్రభువూ. "ఇటు కాదే, వెనక్కి చూడు" అని ఆయనే చెప్తాడు. తిరగేసి పెట్టి ఉంటే ఇద్దరూ పడమరకి చూస్తూ ఉండిపోయేవాళ్ళు. నమ్మనిదాన్ని, ఆ క్షణాన నాకు అంతా కళ్ళకు కట్టింది.

ఇరవై రెండేళ్ళు అక్కడే కూర్చుని కుమిలిపోయాడు. ఇంత చిన్న సంగతి ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఒక్క రోజు ముందు తట్టినా, మంచం దగ్గరికి పరుగెత్తి చెప్పి ఉండేదాన్ని.