రాజోలు స్టాండులో కొరియా కారు

"ఆ నిలువు డబ్బా ఎక్కకండి మామ్మగారూ, మలుపులో దొర్లిపోద్దండి," అన్నాడు రాజోలు టాక్సీ స్టాండులో అంబాసిడర్ డ్రైవరు.

"దొర్లితే నేను దొర్లుతాను, నీకెందుకు?" అన్నాను.

ఒంగోలు నుంచి పెళ్ళికి వచ్చాం. మస్కట్ నుంచి తిరిగొచ్చిన ఈ ఊరి డ్రైవరు రత్నం, కూడబెట్టినదంతా పెట్టి టాక్సీకని డబ్బాలా ఎత్తుగా ఉండే కొరియా కంపెనీ చిన్న కారు కొన్నాడు. దాన్ని వరసలో నిలబడనిచ్చేది లేదని మిగతా డ్రైవర్ల పట్టు. వరసలో లేని బండికి బేరం రాదు. మా వైపైతే ఈపాటికి చొక్కాలు పట్టుకునేవారు. వీళ్ళు తిట్టుకుంటూ కూడా "అండీ" అంటున్నారు.

"ఆ కంపెనీవాళ్ళు ముందు రోడ్లు, వంతెనలు కట్టేరండి. తర్వాత పరాయివాళ్ళ కార్ల విడిభాగాలు తెచ్చి బిగించి, ఆనక సొంతంగా చేసేరండి. మస్కట్‌లో వాళ్ళ పొడుగు కారు ఎనిమిదేళ్ళు తోలేను. ఇది వాళ్ళ చిన్నదండి," అన్నాడు రత్నం.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. మట్టిపని నుంచి కార్లదాకా వచ్చినవాళ్ళంటే నాకు గురి కుదిరింది. అతని కారు ముందు సీట్లో కూర్చుని, మిగతా డ్రైవర్లతో, "రేపు మా పెళ్ళివాళ్ళంతా తిరిగెళ్ళాలి. ఈ కారు వరసలో కనపడకపోతే అందరం బస్సెక్కుతాం," అన్నాను.

మర్నాడు పొద్దున రత్నం కారు వరసలో నాలుగోది. మొదటి బండి నిన్నటి అంబాసిడరే. ఆ డ్రైవరు తలుపు తీసి, "వరస ప్రకారం ముందు బేరం మాదండి," అన్నాడు.

ఎక్కి కూర్చున్నాను.