వంద జీవాల సీసా

పదో తరగతి లెక్కల్లో తప్పి, ఏళ్ళ తరబడి మిరప కోతలకు పోయిన అలివేలమ్మకు ముప్పై నాలుగో యేట మళ్ళీ బడి దొరికింది. మందలున్న ఊళ్ళ ఆడవాళ్ళకు గొర్రెల, మేకల వైద్యం నేర్పుతామని ప్రభుత్వం వారు మార్కాపురంలో ముప్పై రోజుల శిక్షణ పెట్టారు. మందు కలపడం, సూది వెయ్యడం, ఐసు డబ్బాకు ఎండ తగలకుండా చూసుకోవడం అన్నీ పట్టుదలగా నేర్చుకుంది. చివరి రోజు ఇచ్చిన నీలం కోటును నలగకుండా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. అదేమి సంబరమో గానీ, దిగాల్సిన స్టేజీ దాటిపోయి, బేస్తవారిపేట రోడ్డు మీద వెనక్కి నడిచి వచ్చింది.

అప్పటికే పక్క ఊళ్ళో పారుడు అనే అంటురోగం తగిలి జీవాలు రాలిపోతున్నాయి. తమ ఊళ్ళో పెద్ద మంద మేనమామ పోలయ్యది. ఆయన రోగం రాకుండా సూది వేయిస్తే ఊరంతా వేయిస్తుంది. వద్దంటే ఆ కోటు దండేనికే, ఆమె మళ్ళీ మిరప చేలకే.

సోమవారం పొద్దున్నే, మంద మేతకు కదలకముందే దొడ్డి దగ్గరకు పోయి మందు కలిపింది. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, లేకపోతే పారబోయడమే. శిక్షణలో చెప్పినట్టు ముందుగా రిజిస్టరు తెరిచి, నలుగురి ముందూ గట్టిగా అడిగింది.

"మామా, నీ జీవాలెన్ని?"

ఎంత పని చేసింది! జీవాల లెక్క పైకి చెబితే మంద తరిగిపోతుందని వాళ్ళ నమ్మకం. అందుకే అక్కడెవరూ అడగరు, ఎవరూ చెప్పరు. కట్టుకున్న భార్య అడిగినా పోలయ్య "ఉన్నయిలే" అని ఊరుకునేవాడు. చిన్నప్పుడు ఇదే మాట అడిగి నాయన చేత వీపు మీద ఒకటి తిన్న అలివేలమ్మే, ముప్పై రోజుల చదువులో అది కాస్తా మరిచిపోయింది.

పోలయ్య దొడ్డి వాకిలికి అడ్డకర్ర వేసి, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. పక్కనున్నవాళ్ళు చదువు బాగా ముదిరిందని నవ్వారు. అలివేలమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయినా రిజిస్టరు మూసి సంచిలో పెట్టేసింది.

"లెక్క నాకొద్దు మామా. ఈ సీసా వంద జీవాలకు వస్తాది. నువ్వు ఒక్కొక్కటే వదులు. మందు అయిపోయిన కాడ ఆపుదాం."

పోలయ్య ఆమె సంచి వైపు చూశాడు. తర్వాత అడ్డకర్రను ఒక్క గొర్రె దూరేంత ఎత్తాడు. వచ్చినదాన్ని ఆయన మోకాళ్ళ మధ్య పట్టడం, ఈమె చర్మం ఎత్తి సూది వేసి గుర్తుగా నొసట ఎర్రరంగు పూయడం. పని జరుగుతున్నంతసేపూ ఆమె మందువైపు తప్ప మందవైపు చూడలేదు. ఎండ చురుక్కుమనే వేళకు సీసా ఖాళీ అయింది. అయిపోయింది మామా అని చేతులు కడుక్కుని డబ్బా ఎత్తుకుంది.

పోలయ్య రోడ్డు దాకా వెంట వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంకా పదకొండు ఉన్నయ్ అలివేలూ. ఎల్లుండి మళ్ళా రా."

వంద, పదకొండు. లెక్కల్లో తప్పినా ఆమాత్రం కూడిక ఆమెకు రాకపోదు. అత్తకు కూడా చెప్పని మాట మామ తనకు చెప్పాడు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఐసు డబ్బా అప్పజెప్పి రావడానికి ఆటో ఎక్కాక రిజిస్టరు తీసింది. జీవాల సంఖ్య గడి వదిలేసి, చివరి గడిలో రాసుకుంది: ఎల్లుండి, ఇంకొక సీసా.