చేవెళ్ల దాటాక ఆగిన స్కూటర్

మా చిన్నప్పుడు... పెట్రోలు బంకు అంటే మొయినాబాద్‌లో ఒకటి, చేవెళ్లలో ఒకటి. చేవెళ్ల దాటితే ఇక వికారాబాదే! మధ్యలో చేన్లు, చింతచెట్లు, రోడ్డుకు అడ్డం వచ్చే మేకల మందలు... అంతే.

మాది ఎంకపల్లి. బాపుకు ఒక పాత స్కూటర్ ఉండేది. నేను ముందు నిలబడేదాన్ని, అమ్మ వెనక ఒక పక్కకు కూర్చునేది. డిక్కీలో పానాలు, ఒక ప్లగ్గు, నూనె మరకల గుడ్డపేలిక... వాటి పక్కన ఎప్పుడూ లీటరు సీసా నిండా పెట్రోలు. ఆ సీసా మా కోసం కాదు. దారిలో ఎవరి బండి ఆగినా బాపు స్టాండేసి దిగి పోసేవాడు. ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లకు అదొక అలవాటు... ఇవ్వాళ ఒకరికి పోస్తే, రేపు మనకింకొకరు పోస్తారు.

అవి హైటెక్ సిటీ కొత్తగా లేస్తున్న రోజులు. ఆదివారమైతే చాలు, కంపెనీల్లో చేసే పిల్లలు బండ్లేసుకుని అనంతగిరి గుట్టలకు పోయేవాళ్లు. పట్నంలో లాగా మలుపుకో బంకు ఉంటుందనుకునేవాళ్లు పాపం. మా సీసాకు వాళ్లదే ఎక్కువ గిరాకీ!

నాకేమో స్కూటర్ పిచ్చి. సీటు కింద పెట్రోలు తిప్పే చిన్న నాబ్ ఉండేది. ట్యాంకు అడుగంటితే ఇంజను దగ్గుతుంది. అప్పుడు దాన్ని రిజర్వుకు తిప్పితే ఇంకో పాతిక కిలోమీటర్లు పోవచ్చు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఒక ఆదివారం పొద్దున, వాకిట్లో స్కూటర్ ఎక్కి బుర్రుమని నోటితోనే బండి నడుపుతూ ఆ నాబ్‌ను రిజర్వుకు తిప్పేశాను. బాపు నన్ను చూసి నవ్వుకుంటూ లోపలికి పోయాడు, నా చెయ్యి ఎక్కడుందో చూడలేదు.

మధ్యాహ్నం కిరాణా కొట్టుకు ఫోనొచ్చింది. అవ్వకు, అంటే మా అమ్మ తల్లికి, అస్సలు బాగా లేదట. వికారాబాద్‌కు ఇవతల ఊరు వాళ్లది. అమ్మ తింటున్న కంచం అట్లాగే వదిలేసి లేచింది. బాపు నాబ్ సంగతి చూసుకోకుండానే కిక్కు కొట్టాడు.

చేవెళ్ల బంకులో స్టాక్ లేదన్నారు. "ఫికర్ జెయ్యకు, ఇంక రిజర్వు మొత్తం ఉన్నది. ఊరు దాంక పోతం," అన్నాడు బాపు.

చేవెళ్ల దాటి కొంత దూరం పోయామో లేదో... ఎదురుగా ఒక జంట, బండి తోసుకుంటూ వస్తున్నారు. ఆమె చంకలో పాలు తాగే పిల్ల, ఎండకు ముఖం కందిపోయింది. బాపు ఆపాడు.

"ఇప్పుడా? మా అవ్వ ఆడ ఎట్లున్నదో ఏమో..." అన్నది అమ్మ.

"జర ఆగు. పసిపిల్ల ఉన్నది."

రిజర్వు ఉందన్న ధీమాతో సీసా మొత్తం వాళ్ల ట్యాంకులో ఒంపేశాడు. వాళ్లు దండం పెట్టి వెళ్లిపోయారు.

ఆ తర్వాత చాలా దూరం రాలేదు మేము. ఇంజను దగ్గింది. బాపు చెయ్యి నాబ్ మీదికి పోయింది... అది అప్పటికే రిజర్వుకు తిరిగి ఉంది, అంటే రిజర్వు కూడా అయిపోయింది. ఆయన నాబ్ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. అమ్మ "ఏమైంది?" అని అడిగింది.

"నేనే తిప్పి మర్చిపోయిన," అన్నాడు బాపు.

స్కూటర్‌ను పక్కకు వంచి, ఉన్న చుక్క పెట్రోలుతో ఇంకో ఫర్లాంగు లాగాం. ఇక లేదు. వచ్చినవన్నీ లారీలు, ట్రాక్టర్లు... డీజిల్ బండ్లు. అమ్మ చెప్పులు చేత పట్టుకుని ముందే నడవడం మొదలుపెట్టింది. వెనక బాపు స్కూటర్ తోస్తుంటే నేను ఏడుస్తూ పోయాను. చాలాసేపటికి ఒక జీపతను ఎక్కించుకున్నాడు.

మేము పోయేసరికి పొద్దు గుంకింది. అవ్వను అప్పటికే కింద పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు. "గీ గంట కిందటి దాంక నీ పేరే తీసింది అక్కా," అన్నాడు మామ. అమ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది.

ఆ రోజు నుంచి బాపు డిక్కీలో సీసా పెట్టడం మానేశాడు. ఎవరి బండన్నా ఆగి ఉంటే తల తిప్పుకుని పోయేవాడు. అమ్మ మాత్రం మాటొచ్చినప్పుడల్లా అనేది... "ఊరందరికి పోసినవ్, నా తల్లిని నాకు సూడనియ్యకపోతివి." బాపు తువ్వాల భుజం మీదేసుకుని బయటికి నడిచేవాడు. నేను పుస్తకంలో తల దూర్చేదాన్ని. చెబుదామనుకున్నాను, ఎన్నోసార్లు. భయం కొన్నాళ్లు, సిగ్గు కొన్నాళ్లు... అట్లా పెద్దదాన్నయిపోయాను. బాపు పోయి మూడేళ్లయింది.

మొన్న ఒక పెళ్లికి అమ్మను కారులో అదే రోడ్డున తీసుకుపోయాను. దారి పొడుగునా బంకులే! అమ్మ అద్దంలోంచి చూస్తూ, "గప్పుడు గిట్ల ఒక్కటున్నా మా అవ్వను సూద్దును... ఉన్న ఒక్క సీస దానం జేసె మీ బాపు," అన్నది.

నాకిక నోరాగలేదు. కారు పక్కకు ఆపి మొత్తం చెప్పేశాను.

అమ్మ అద్దంలోంచి చూడడం ఆపి నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"ఆయనకు ఎరికేనా?"

"ఎరికే అమ్మా. ఆడనే చూసిండు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సచ్చేదాంక తిట్టిన గదనే బిడ్డా ఆయనను... ఒక్కనాడన్న చెప్పకపాయె."

ఇప్పుడు ఆ రోడ్డు మీద ఎవరి బండీ ఆగదు, ఎవరి కోసం ఎవరూ ఆగాల్సిన పనీ లేదు... మీ తప్పును తన మీద వేసుకున్న మనిషి మీ ఇంట్లో ఎవరన్నా ఉన్నారా? ఉంటే ఇవ్వాళే చెప్పేయండి. చెప్పాక ఏమన్నారో ఇక్కడ రాయండి, చదువుకుంటాను... బాపు ఏమనేవాడో నాకు ఎప్పటికీ తెలియదు.