రేకుల మీద ఎండబెట్టిన గొంతు

బ్రెజిల్‌లో నది ఒడ్డున ఉన్న మా అబయెతెతుబాలో గిటారు పాడైతే బాగుచేయించడానికి బెలేం నగరానికి పడవెక్కేవాడికి బుద్ధి లేదని నా గట్టి నమ్మకం. రేవు వెనక వీధిలో దియోలిందా అక్క ఉండగా ఆ తిప్పలెందుకు? అయినా వెళ్తారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా.

అక్కకి యాభై ఎనిమిదేళ్లు. మొగుడి రేడియో దుకాణంలో మాట్లు వేస్తూ పని నేర్చుకుంది. ఆయన పోయాడు, రేడియోలూ పోయాయి, వాటి చోట కరెంటు గిటార్లు వచ్చాయి. అవైనా ఎలాంటివి? ప్లైవుడ్‌వి. సైకిల్ షాపుల్లో టైర్ల పక్కన వేలాడేవి. బెండు బొమ్మలకి పేరుపడ్డ ఊరు మాది, అందుకని వాటిని బెండు గిటార్లని వెక్కిరిస్తారు. అక్క మాత్రం అలాంటిదాని ఒంటి మీద పొడుచుకొచ్చిన కొమ్ము పళ్ల మధ్య పట్టుకుని తీగ మీటుతుంది. అదురు దవడలోకి పాకితే, "ఇది బతుకుతుంది" అంటుంది. ఇక మొదలు. మెడ మీద ఎగుడుదిగుడుగా ఉన్న ఇనప మెట్లని ఆకురాయితో సమం చేస్తుంది. తల దగ్గర తీగలు ఆనే ప్లాస్టిక్ ముక్క పీకేసి, గేదె ఎముక అరగదీసి పెడుతుంది. లోపలి గూట్లో పాలపొడి ప్యాకెట్ల వెండి కాగితం అంటించి గురగుర ఆపుతుంది.

"ఖరీదైనదాన్ని కొయ్యాలంటే ఎవరైనా జంకుతారు. దీన్నెవడూ లెక్కచెయ్యడు. కాబట్టి దీనికేం కావాలో అది చెయ్యొచ్చు" అంటుంది. పాతికేళ్లుగా బేస్ గిటారు వాయిస్తున్నాను. అంత ఓపిక ఉన్న చేతులు నేనింకెక్కడా చూడలేదు.

పోయిన డిసెంబరులో మా బృందంలో ముఖ్య గిటారు వాయించే జెఫెరీనో ఆమె దగ్గరికి వచ్చాడు. డెబ్బై ఒక్కేళ్లు. దోమకాటు జ్వరం తగ్గింది గానీ కీళ్ల నొప్పులు ఆయన్ని వదల్లేదు. వేళ్లు తీగని నొక్కలేవు, భుజం బరువు మొయ్యలేదు. ఆ శనివారమే మేరీమాత పండగ డాన్సు. ఆ రోజు వాయించలేకపోతే ఆయన చోటు మేనల్లుడు జురాందీర్‌కి పోతుంది. రెండో గిటారు వాయిస్తూ బృందం నడిపేది వాడే, ఆ మాట మొహం మీదే చెప్పేశాడు.

వాడూ వెంట వచ్చాడు. "ఆ బెండుముక్క ఎందుకు మావయ్యా? సావో పావులో నుంచి తెప్పించాను, నాది వాయించు."

"నీది పందిపిల్లంత బరువుందిరా. నేను దాన్ని వాయించాలా, ఎత్తుకుని జో కొట్టాలా?"

"నీది కీచుమంటుంది. మైకులో జనం చెవులు మూసుకుంటున్నారు."

అక్క వాళ్లిద్దరినీ పట్టించుకోలేదు. "వేళ్లు చూపించన్నా" అని ఒక్కొక్కటీ మెల్లగా వంచి చూసింది. మూడు రోజులు పట్టింది. సన్న తీగలు వేసింది. గిటారు మెడ కింద చెక్కపేడు దూర్చి వాలు మార్చింది. తీగలు మెట్లకి తగిలీ తగలనంత కిందికి దిగాయి. ముసలాయన ఊదినా స్వరం పలికేటట్టు చేసింది.

అక్కడితో ఆపితే బాగుండేది. జురాందీర్ కీచు మాట ఆమె చెవిలో పడిపోయింది. తీగల కింద ఉండే పికప్‌లో వెంట్రుకంత సన్నటి రాగితీగ వేల చుట్లు ఉంటుంది. ఆ చుట్లు వదులైతే అదిరి కీచుమంటాయి. అక్క కొవ్వొత్తులు కరిగించి, పికప్‌ని ఆ మైనంలో ముంచి తీసింది. అన్ని గిటార్లకీ చేసే వైద్యమే.

గురువారం జెఫెరీనో వాయించి చూశాడు. కీచు పోయింది. దాంతోపాటు ఆ గిటారు గొంతులో ఉండే గలగల కూడా పోయింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

"దీనికి జలుబు చేసింది దియోలిందా" అన్నాడాయన. గిటారు బల్ల మీద పెట్టేసి, "ఇది నా గొంతు కాదు. దీంతో వాయించే కన్నా వాడికే ఇచ్చేస్తాను చోటు" అన్నాడు.

నాకు ఒళ్లు మండి జురాందీర్‌ని తిట్టబోయాను. అక్క ఆపింది. "వాణ్నేమీ అనకు. చెక్కని విన్నాను గానీ మనిషిని వినలేదు. తప్పు నాది."

ఇప్పుడు ఆ మైనాన్ని కరిగించి బయటికి తీయాలి. మంట చూపిస్తే ప్లాస్టిక్ వంగుతుంది, రాగితీగ తెగుతుంది. శుక్రవారమంతా ముసురు. శనివారం ఎండ కాసింది. మా ఊళ్లో ఏ పనైనా వాన ముందా, వాన తర్వాతా అనే లెక్క. వాన రోజూ రెండింటికి. మిట్టమధ్యాహ్నం అక్క నిచ్చెన వేసుకుని ఇంటి రేకుల మీద పాత వార్తాపత్రిక పరిచి, దాని మీద పికప్ పెట్టింది. కాలుతున్న రేకుకి మైనం ఊరి కాగితం మీద నూనెమరకలా పాకింది. ఆ కాగితం తీసి ఇంకొకటి వేసింది. నది మీద మబ్బు కమ్ముకుంటోంది.

కింద నుంచి జెఫెరీనో గోల. "దిగవే తల్లీ! తడిస్తే ఉన్నదీ పోతుంది!"

"నోరు మూసుకుని ఇంకో కాగితం అందించన్నా!"

మొదటి చినుకు పడే వేళకి పికప్‌ని జాకెట్లో దాచుకుని దిగింది. మైనం సగమే వదిలింది. మిగతా సగం ఉండగానే పికప్‌ని గిటారులో మాటు వేసి బిగించింది.

సాయంత్రం డాన్సులో ఆయన మొదటి స్వరం పలికించగానే నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. గలగల వచ్చింది. మూడో పాటలో కీచు కూడా వచ్చింది. జురాందీర్ ఉలిక్కిపడ్డాడు. ముసలాయన మాత్రం స్పీకర్ వైపు తిరిగి, ఆ కీచుని పట్టుకుని సాగదీసి సాగదీసి పాటలో కలిపేశాడు. ఆడేవాళ్లు అరిచి ఈలలు వేశారు. జురాందీర్ తన గిటారు శబ్దం తనే తగ్గించుకున్నాడు. ఆయన చోటు ఆయనకే ఉంది.

సోమవారం జెఫెరీనో మళ్లీ అక్క దగ్గరికి వచ్చాడు. మెచ్చుకోవడానికి అనుకున్నాను. అరచేతులు బల్ల మీద పరిచాడు.

"చివరి రెండు పాటలకీ చిటికెన వేలు పనికి రాలేదమ్మా. ఫిబ్రవరిలో కార్నివాల్ పండగ నాటికి ఉంగరం వేలు కూడా రాదేమో. అప్పుడేం చేస్తావు?"

"ఎన్ని వేళ్లు వస్తే అన్నిటికి సరిపడా చేస్తాను."

"ఒక్కటే మిగిలితే?"

అక్క కొలతాడు తీసింది. ఆయన ఎడమచేతి చూపుడువేలు పట్టుకుని, నొప్పి పుట్టకుండా చుట్టింది.

"ఒక్క వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చినా పాట పలుకుతుంది. ముందు దీని కొలతిచ్చి పో అన్నా" అంది.